వెండిని తూచిన రాయి నిధి అవునా, కాదా?

ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్లకు చిక్కే మధ్యయుగపు పడికట్టు రాళ్లను, అంటే తూకపు రాళ్లను, చట్టం నిధిగా పరిగణించాలా వద్దా అన్న వాదం మళ్లీ మొదలైంది. నిధి అంటే దొరికినవారు అధికారులకు చూపించి తీరాల్సిన, మ్యూజియాలకు ముందుగా దక్కే వీలున్న వస్తువు. సీసపు ముద్దలు, ఇనుప గుండుకు కంచు తొడుగు వేసిన రాళ్లు, మడిచి వెంట తీసుకుపోయే చిన్న త్రాసుల దండెలు, చిప్పలు అమ్మితే పెద్దగా ఏమీ రాదు. తగాదా వాటి ధర గురించి కాదు, అవి దొరికిన చోటు గురించి.

స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చి ఇంగ్లండ్‌ను దోచిన వైకింగుల కథలో 872-73 శీతాకాలానికి నేరుగా రావచ్చు. ఆ చలికాలంలో వారి మహాసైన్యం లింకన్‌షైర్‌లో ట్రెంట్ నది ఒడ్డునున్న టోర్క్‌సీలో విడిది చేసిందని ఆనాటి ఇంగ్లండ్ సంఘటనలను ఏడాదివారీగా రాసిన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ క్లుప్తంగా చెప్పి ఊరుకుంది. ఆ విడిది సుమారు 55 హెక్టార్ల మేర పరచుకున్నదని తేలడానికి ముఖ్య ఆధారం, దున్నిన పొలాల్లో ఏళ్ల తరబడి డిటెక్టర్లు పట్టి తిరిగినవారు ఏరి నమోదు చేయించిన వస్తువులే. వాటిలో వందకు పైగా దిర్హమ్‌లనే అరబ్బు వెండి నాణేలు, తుంచిన వెండి ముక్కలు, పెద్ద సంఖ్యలో పడికట్టు రాళ్లు ఉన్నాయి. వెండిని లెక్కపెట్టి కాక తూచి పుచ్చుకునే బేరం అక్కడ సాగిందని చెప్పేవి ఈ రాళ్లే. ఇలాంటి సీసపు రాళ్లలో కొన్నింటి నెత్తిన, ఎవరి రాయిని వారు గుర్తుపట్టేందుకు కాబోలు, దోచుకొచ్చిన నగల ముక్కలు పొదిగి ఉంటాయి.

అయినా నేటి తగాదాకు అసలు మలుపు ఈ రాళ్ల వల్ల కాక, 2010లో కంబ్రియాలోని క్రాస్బీ గారెట్ దగ్గర దొరికిన రోమన్ శిరస్త్రాణం వల్ల వచ్చింది. 1996 నాటి నిధుల చట్టం ప్రకారం అప్పట్లో, 300 ఏళ్లు దాటిన విడి వస్తువు నిధి కావాలంటే అందులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉండాల్సి వచ్చేది. శిరస్త్రాణం రాగి మిశ్రమం కావడంతో అది వేలానికి వెళ్లింది, దాదాపు 22.8 లక్షల పౌండ్లకు పోయింది, కార్లైల్ మ్యూజియం విరాళాలు పోగుచేసినా దక్కించుకోలేకపోయింది. వెండిని తూచిన రాయి కూడా, తాను వెండి కానందున, ఇదే సందులోంచి జారిపోయేది. అదే రాయి వెండి ముక్కతో కలిసి దొరికితే మాత్రం నిధి అవుతుంది.

2023 జులైలో వచ్చిన సవరణ ఈ సందును కొంత పూడ్చింది. 200 ఏళ్లు దాటిన లోహపు వస్తువు చరిత్రకు అసాధారణమైన వెలుగునిస్తే, లేదా ఒకే చోట దొరికిన ఇతర వస్తువులతో కలిపి చూసినప్పుడు అలాంటి వెలుగునిస్తే, అది ఇప్పుడు నిధే.

విడి రాళ్లను కూడా తప్పనిసరిగా చూపించాలని పురావస్తు నిపుణులలో కొందరు కోరుతున్నారు. డిటెక్టర్లు పట్టేవారి మాట వేరు. 1997 నుంచి నడుస్తున్న స్వచ్ఛంద నమోదు పథకంలో 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి, చట్టం అడగకుండానే. టోర్క్‌సీ పటం గీసింది కూడా ఆ అలవాటే. ప్రతి సీసపు ముద్దకూ, అది నిధి అవునో కాదో తేల్చే అధికారి అయిన కరోనర్ ముందు నిలబడాలంటే, ఇప్పుడు తెచ్చి చూపించేవాళ్లు రేపు పొలం గట్టునే పారేసి పోతారని వారి వాదన. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

చిక్కు ‘ఒకే చోట’ అన్న మాట దగ్గర ఉంది. నాగలి చెదరగొట్టిన 55 హెక్టార్లలో, వేర్వేరు చేతులకు, ఏళ్ల ఎడంతో చిక్కిన రాళ్లు ఒకే చోట దొరికినట్టా, కాదా?