విదేశీ బడితో జతకట్టడం: టీచర్లు నన్నడిగే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

కాకినాడ దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా మా పిల్లలు, మారిషస్‌లోని ఒక బడి పిల్లలు కలిసి నేర్చుకుంటున్నారు. ఈ సంగతి తెలిసిన తోటి టీచర్ల సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి.

అపోహ: పిల్లలకు ఇంగ్లిష్ రాకపోతే కుదరదు.

వాస్తవం: మేం మారిషస్‌ను ఎంచుకున్నదే ఇందుకు. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల వారసులు అక్కడున్నారు. ఆ ఓడల్లో కొన్ని బయల్దేరిన కోరంగి రేవు మాకు దగ్గరే. మారిషస్‌లో ఉగాది సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. ఇళ్లలో ఎక్కువగా క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష) మాట్లాడతారు కాబట్టి చాలామంది పిల్లలు తెలుగును బడిలోనే నేర్చుకుంటారు. వాళ్ల మొదటి ఉత్తరాల్లో ఒక బాబు ‘అమ’ అని రాశాడు. “టీచర్, మ వత్తు మర్చిపోయాడు, నేను రాసి చూపిస్తా” అని లేచింది మా మూడో తరగతి అమ్మాయి. ఇంగ్లిష్ పీరియడ్‌లో నోరు విప్పని పిల్ల! తనకు వచ్చింది ఇంకొకరికి అవసరమని ఆమెకు తెలిసింది. నాకు అంతకంటే ఏం కావాలి?

అపోహ: నెలకో వీడియో కాల్ పెడితే చాలు.

వాస్తవం: నలభై మంది చేతులూపి, ఒక పాట పాడితే కాల్ అయిపోతుంది. మర్నాటికి ఏమీ గుర్తుండదు. ఇద్దరికీ ఒకే పని ఉండాలి. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానం. ఆ రోజు రెండు బడుల్లోనూ మీటరు కర్ర నిలువుగా పాతి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలుస్తాం. మాకు దాదాపు 30 సెంటీమీటర్లు వస్తుంది, వాళ్లకు 37 దాకా. అసలు ఆశ్చర్యం అంకెల్లో లేదు. మా నీడ ఉత్తరానికి పడింది, వాళ్లది దక్షిణానికి. “వాళ్లు తప్పు రాశారు” అని మా పిల్లలు గట్టిగా వాదించారు. గ్లోబు, టార్చిలైటు తెచ్చి, గ్లోబు మీద మా ఊరి దగ్గరొకటి, మారిషస్ దగ్గరొకటి అగ్గిపుల్లలు నిలబెట్టి చూసేదాకా ఒప్పుకోలేదు. మేం భూమధ్యరేఖకు ఉత్తరాన, వాళ్లు దక్షిణాన ఉన్నాం. భూమధ్యరేఖ అనే మాట వాళ్లకు అర్థమైంది ఆ రోజే.

అపోహ: విదేశీ బడి అంటే కంప్యూటర్లు, డబ్బు వస్తాయి.

వాస్తవం: నాకు బాధ కలిగించే అపోహ ఇది. నాకు తెలిసిన ఒక బడి మొదటి మెయిల్‌లోనే తమకు లేనివన్నీ రాసి పంపింది. జవాబు రాలేదు. ఒకరు ఇచ్చేవాళ్లు, ఒకరు పుచ్చుకునేవాళ్లు అయ్యాక పిల్లల మధ్య సమానత్వం మిగలదు. పైగా బడి నడిపే సొసైటీ గానీ ట్రస్టు గానీ విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. మొదటి ఉత్తరంలో మీ పిల్లలకు ఏమొచ్చో రాయండి.

అపోహ: వేళలు కుదరవు.

వాస్తవం: మారిషస్ మనకంటే గంటన్నర వెనక, అంతే. చూసుకోవాల్సింది క్యాలెండరు. వాళ్ల తరగతులు జనవరిలో మొదలవుతాయి, మనవి జూన్‌లో. మూడు నెలల్లో ముగిసే పని పెట్టుకుంటే ఏ తరగతీ మధ్యలో తెగిపోదు.

అపోహ: ఫొటోలు పంపుకుంటే తప్పేముంది?

వాస్తవం: మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చట్టం లేకపోయినా నేను అడిగేదాన్నే. మేం కర్ర, నీడ, చేతులు కనిపించే ఫొటోలే పంపుతాం. ఉత్తరాలు టీచరు నుంచి టీచరుకే వెళ్తాయి.

అపోహ: ఉత్సాహమున్న టీచరు ఒక్కరుంటే చాలు.

వాస్తవం: ఆ టీచరుకు బదిలీ అయితే? మేం మొదటి నుంచీ ఇద్దరి పేర్లతో రాస్తున్నాం. ఉత్తరాలు, నీడ కొలతలు, అవతలి బడి చిరునామా అన్నీ ఒకే ఫైల్లో పెట్టాం. ఆ ఫైలు ఆఫీసు బీరువాలో హాజరు పట్టీల పక్కనే ఉంటుంది.