లారా వాళ్లమ్మ పుట్టిల్లు

చిరంజీవులు చిన్నికి, నానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. తాతయ్య మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

చిన్నీ, పోయిన నెల ఫోన్లో నువ్వు అడిగిన మాట నన్ను వదల్లేదు. అమెరికాలో పడమటికి వలసపోయిన పయనీర్ ఆడవాళ్లలో ఒకరిని ఎంచుకుని వంశవృక్షం గీయమని స్కూల్లో చెప్పారనీ, నువ్వు 'లిటిల్ హౌస్' పిల్లల పుస్తకాలు రాసిన లారా ఇంగల్స్ వాళ్లమ్మని ఎంచుకున్నాననీ అన్నావు. "లారా నాన్న వైపు బోలెడుమంది దొరికారు అమ్మమ్మా. వాళ్లమ్మ వైపు గడులన్నీ ఖాళీ. ఆమెకి పుట్టిల్లు లేదా?" అని అడిగావు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, ఆ ప్రశ్న విని ఊరుకోలేకపోయాను. మూడు వారాలుగా రోజూ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. నాకు తెలిసిందీ, తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. నానీ, నువ్వూ విను.

ఆమె పేరు కారొలైన్ లేక్ క్వైనర్. ఈ క్వైనర్ అన్నదే ఆమె పుట్టింటి ఇంటిపేరు. నువ్వు ఇంగల్స్ అనే ఇంటిపేరుతో వెతికావు, అందుకే దొరకలేదు. ఇంగల్స్ అనే పేరు ఆమెకి 1860 ఫిబ్రవరి 1న పెళ్లయ్యాక వచ్చింది. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆమె క్వైనర్ వాళ్ల అమ్మాయి. మన దగ్గరా ఇంతే కదా. మీ అమ్మ ఇంటిపేరు పెళ్లితో మారింది, నాదీ మారింది. పాత కాగితాల్లో ఒక ఆడమనిషిని పట్టుకోవాలంటే ముందు పుట్టింటి పేరు తెలియాలి.

కారొలైన్ 1839 డిసెంబర్ 12న విస్కాన్సిన్‌లో బ్రూక్‌ఫీల్డ్ దగ్గర పుట్టింది. అప్పటికి విస్కాన్సిన్ ఇంకా రాష్ట్రం కూడా కాదు. తూర్పున పాత ఊళ్లు వదిలి, అడవులు కొట్టుకుంటూ, గడ్డి మైదానాలు దున్నుకుంటూ పడమటికి సాగిపోయిన వాళ్లనే పయనీర్లు అంటారు. ఆమె నాన్న హెన్రీ క్వైనర్, అమ్మ షార్లెట్ టక్కర్ కూడా అలా తూర్పు నుంచి వచ్చినవాళ్లే. 1845లో హెన్రీ ఎక్కిన ఓడ మిషిగన్ సరస్సులో మునిగిపోయింది. కారొలైన్‌కి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. చుట్టూ అడవి, ఇంటినిండా చిన్నపిల్లలు. షార్లెట్ ఆ కష్టాన్ని నాలుగేళ్లు ఈది, 1849లో ఫ్రెడరిక్ హోల్‌బ్రుక్ అనే రైతుని పెళ్లి చేసుకుంది. అక్కడి నుంచి ఒకే ఇంట్లో తల్లికి ఒక ఇంటిపేరు, పిల్లలకి ఒక ఇంటిపేరు. ఈ మెలిక తెలియకపోతే వెతికేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు.

ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో పదేళ్లకోసారి జనాభా లెక్కలు 1790 నుంచీ ఉన్నాయి. కానీ 1840 దాకా కాగితం మీద ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. మిగతా వాళ్లంతా అంకెలే: ఐదేళ్లలోపు ఆడపిల్లలు ఇందరు, ముప్పై దాటిన ఆడవాళ్లు ఇందరు అని. 1850లో మొదటిసారి ఇంట్లో అందరి పేర్లూ రాశారు. అదీ బానిసలు కానివాళ్లవే. బానిసత్వంలో ఉన్న నల్లజాతి వాళ్లకి 1850లోనూ 1860లోనూ పేర్లు రాయలేదు, వయసు, ఆడా మగా, రంగు లాంటివి రాసి ఊరుకున్నారు. వాళ్ల పేర్లు 1870లో గానీ లెక్కల్లోకి ఎక్కలేదు. 1880లో ఇంటి పెద్దకి ఎవరేమవుతారో, ఒక్కొక్కరి తల్లీ తండ్రీ ఎక్కడ పుట్టారో కూడా అడిగారు. ఆ గడి నాకు చాలా ఇష్టం. పుట్టిల్లు వెతికేవాళ్లకి అది దీపం లాంటిది. 1890 కాగితాలు మాత్రం చాలావరకు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయాయి. కాబట్టి ఆ ఏడాదిది దొరకలేదని టెన్షన్ పడకు చిన్నీ, దాదాపు ఎవరికీ దొరకదు.

నేను 1981లోనూ 1991లోనూ జనాభా లెక్కల డ్యూటీ చేశాను. పలకా బలపం పట్టే చేత్తో ఇంటింటికీ ఫారాలు పట్టుకుని తిరిగాను. ఒక ఇంట్లో పెద్దావిడని పేరడిగితే, "నాకు పేరేంటమ్మా, రావుడి అమ్మ అని రాసుకో" అంది. ఇంకో ఇంట్లో ఇల్లాలు మొగుడి పేరు నోటితో పలకనంటే, వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని పిలిచి చెప్పించుకున్నాను. వయసు అడిగితే, "పెద్ద తుఫానొచ్చిన ఏడు నా పెళ్లయింది, నువ్వే లెక్కేసుకో" అనేవారు. అందుకే పాత కాగితంలో వయసు రెండేళ్లు అటూ ఇటూ ఉన్నా, పేరులో అక్షరం తేడా ఉన్నా నేను కంగారుపడను. అక్కడా ఎవరో ఒకాయన ఎండలో గుర్రం దిగి, గుమ్మంలో నిలబడి, తన చెవికి వినపడిందే రాసుకుని ఉంటాడు.

ఇంత చెప్పాక, పుట్టింటి వైపు తీసుకెళ్లే అసలు దారి చెబుతాను. అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ పట్టుకో. కారొలైన్ అన్న హెన్రీ 1859లో పాలీ ఇంగల్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడాది పాలీ అన్న చార్లెస్‌కి కారొలైన్‌ని ఇచ్చారు. 1861లో చార్లెస్ అన్న పీటర్‌కి కారొలైన్ చెల్లెలు ఎలైజాని ఇచ్చారు. రెండు ఇళ్ల మధ్య మూడు పెళ్లిళ్లు! మన ఊళ్లలో దీన్ని కుండమార్పిడి అంటాం. ఆ పిల్లల వరసలు ఇంగ్లీషులో చెప్పాలంటే కష్టం, మన భాషలో ఇట్టే తేలిపోతాయి. లారాకి హెన్రీ మేనమామ, ఆయన భార్య పాలీ సొంత మేనత్త. పీటర్ పెదనాన్న. ఆయన భార్య ఎలైజా వరసకి పెద్దమ్మ, రక్తానికి పిన్ని. నువ్వు చార్టులో ఈ మూడు జంటలనీ పక్కపక్కనే గీసి చూడు. ఇంగల్స్ వైపు నుంచి మొదలుపెట్టినా క్వైనర్ల ఇంటికే చేరతావు. కారొలైన్ ఇంకో అన్న జోసెఫ్ అమెరికా అంతర్యుద్ధంలో షైలో అనే చోట జరిగిన పోరులో గాయపడి 1862లో చనిపోయాడు. అలాంటి సైనికుల కాగితాల్లో కూడా కుటుంబాల వివరాలు దొరుకుతుంటాయి.

పెళ్లికి ముందు కారొలైన్ బడిలో పాఠాలు చెప్పింది. ఆ సంగతి చదివినప్పుడు ఆమె నాకు దగ్గరి మనిషిలా అనిపించింది.

పెళ్లి తర్వాత ఆమె ఎక్కడెక్కడ బతికిందో తెలియాలంటే పిల్లలు పుట్టిన ఊళ్లు చూస్తే చాలు. మేరీ 1865లో, లారా 1867లో విస్కాన్సిన్‌లో పుట్టారు. లారా అనేది నాయనమ్మ పేరే. క్యారీ 1870లో కాన్సస్‌లో, ఫ్రెడ్డీ 1875లో మిన్నెసోటాలో, గ్రేస్ 1877లో అయోవాలో పుట్టారు. 1880 లెక్కల నాటికి అందరూ డకోటాలోని డిస్మెట్‌లో ఉన్నారు. పన్నెండేళ్లలో నాలుగు రాష్ట్రాల్లో ఐదు కాన్పులు. బండి మీద సామాను ఎన్నిసార్లు ఎక్కించి ఎన్నిసార్లు దింపిందో ఆ తల్లి!

వీటిలో కాన్సస్ కథ వివరంగా చెప్పాలి. లారా పెద్దయ్యాక ఆ ఇంటి గురించి పిల్లల కోసం రాసింది. ఇల్లు ఇండిపెండెన్స్ అనే ఊరికి 40 మైళ్ల దూరంలో ఉండేదని రాసింది. అక్కడ ఉన్నప్పుడు ఆమె మూడు నాలుగేళ్ల పసిపిల్ల, దూరాలు ఎలా తెలుస్తాయి? 40 మైళ్లు కొలుచుకుంటూ పోతే కాన్సస్ దాటి ఓక్లహోమాలోకి వెళ్లిపోతాం. లారా కూడా తర్వాత అటువైపే వెతికింది, దొరకలేదు. ఇల్లు నిజంగా ఉన్నచోటు ఇండిపెండెన్స్‌కి 13 మైళ్లే. దాన్ని 1870 జనాభా లెక్కలు పట్టిచ్చాయి. ఆ ఆగస్టులో లెక్కలు రాసే ఆయన మాంట్‌గొమరీ కౌంటీలోని రట్లండ్ టౌన్‌షిప్‌లో వీళ్ల గుమ్మం తొక్కాడు. క్యారీ పుట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. చార్లెస్ పేరు మీద భూమి పట్టా ఏదీ లేదు. కానీ లెక్కల్లో ముందూ వెనకా ఉన్న పొరుగువాళ్లలో కొందరు తర్వాత తమ భూములు నమోదు చేయించుకున్నారు. ఆ భూములు మ్యాపులో గుర్తుపెట్టుకుంటూ వెళితే, మధ్యలో వీళ్లుండే చోటు తేలింది. చాలా ఏళ్ల తర్వాత స్థానికులు అలా కనిపెట్టారు. ఆ పొరుగువాళ్లలోనే డాక్టర్ జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు కూడా ఉన్నాడు. ఇల్లంతా జ్వరంతో మంచాన పడ్డప్పుడు వైద్యం చేసి బతికించాడని లారా రాసిన డాక్టర్ ఆయనే. పొరుగింటి పేరు రాసుకోవడం ఎంత మేలు చేసిందో చూశావా నానీ!

పట్టా ఎందుకు లేదో కూడా తెలుసుకోవాలి. అది ఓసేజ్ జాతి వాళ్ల నేల. ఇంకా వాళ్ల చేతుల్లో ఉండగానే వందల కుటుంబాలు వచ్చి ఇళ్లు కట్టేశాయి, కారొలైన్ కుటుంబం కూడా. 1870 జులైలో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఓసేజ్‌లని దక్షిణానికి, ఇప్పటి ఓక్లహోమాకి, పంపేసింది. కారొలైన్ మంచి తల్లి, కష్టజీవి. ఆమె పొయ్యి వెలిగించిన ఆ నేల మీద అంతకు ముందు ఇంకో తల్లి పొయ్యి వెలిగించింది. నీ ప్రాజెక్టులో ఈ సంగతి తప్పకుండా రాయి చిన్నీ, టీచర్ అడగకపోయినా సరే.

1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు ఉండి సాగుచేస్తే 160 ఎకరాలు ఇచ్చేవారు. డిస్మెట్‌లో చార్లెస్ అలాగే భూమి తీసుకుని 1886లో పట్టా సాధించాడు. ఆ దరఖాస్తుల ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. జనాభా లెక్కలైతే 72 ఏళ్లు దాటాక అందరికీ చూపిస్తారు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో డబ్బు కట్టకుండానే పేజీల ఫొటోలు చూడొచ్చు, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మన దేశంలో నేను రాసిన ఫారాలు ఎవరికీ చూపించరు, చట్టం ఒప్పుకోదు. అందుకని "రావుడి అమ్మ" అన్న ఆ పెద్దావిడ అసలు పేరు నా జ్ఞాపకంలోనే ఉంది. చివరికి బతిమాలి చెప్పించుకుని, ఆ పేరే రాశాను.

కారొలైన్ 1924 ఏప్రిల్ 20న డిస్మెట్‌లో కన్నుమూసింది, 84 ఏళ్లకి. నలుగురు కూతుళ్లలో లారాకి ఒక్కదానికే బిడ్డ దక్కింది, రోజ్ అని. రోజ్‌కి పిల్లలు లేరు, 1968లో చనిపోయింది. అంటే కారొలైన్‌ని "మా ముత్తవ్వ" అని వెతకడానికి ఆమె కడుపున పుట్టిన వంశంలో ఇవాళ ఎవరూ లేరు. అయినా ఇన్ని దేశాల పిల్లలు వెతుకుతున్నారు, నువ్వొక దానివి.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను. నువ్వు పంపిన చార్టు ఫొటోలో నలుగురు ఆడపిల్లలే ఉన్నారు. ఫ్రెడ్డీ లేడు. వాడు 1875 నవంబర్ 1న పుట్టి 1876 ఆగస్టు 27న చనిపోయాడు. 1870 లెక్కలకి వాడింకా పుట్టలేదు, 1880 లెక్కలకి వాడు లేడు. లారా రాసిన పిల్లల పుస్తకాల్లోనూ కనపడడు. 1930లో ఆమె తన జీవితకథ రాసుకున్న కాగితాల్లో మాత్రం తమ్ముణ్ని తలుచుకుంది. వాడి పూర్తి పేరు చార్లెస్ ఫ్రెడరిక్. చార్లెస్ నాన్న పేరు. ఫ్రెడరిక్ ఎవరి పేరో పైన చదివావుగా, అమ్మని పెంచిన హోల్‌బ్రుక్ పేరు. ఆ పేరు చూడగానే నాకు పుట్టిల్లు మళ్లీ కనిపించింది. క్యారీకీ గ్రేస్‌కీ మధ్య ఇంకో గడి గీసి, అందులో వాడి పేరూ ఆ రెండు తేదీలూ రాసి, చార్టు ఫొటో మళ్లీ నాకు పంపు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ