సింహం ముద్ర ఉంటే చాలా? పాత బ్రిటిష్ వెండి సామానుపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత వెండి సామాను కొనడం, అమ్మడం, పరీక్షించి చెప్పడం నా వృత్తి. టీపాట్లు, చెంచాలు, ఉప్పు గిన్నెలు, క్యాండిల్‌స్టిక్‌లు, పొడుం డబ్బీలు ఎక్కువగా నా చేతికి వస్తుంటాయి. ఈమధ్య ఇక్కడి తెలుగువాళ్లు కూడా సరదాగా సేకరించడం మొదలుపెట్టారు. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఇది వెండేనా, ఎంత చేస్తుంది? ఈ రెండింటికంటే ముందు నేను చూసేది ఇంకొకటుంది. ఈ వస్తువు తయారైనప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందా? కింద చెప్పే అపోహల్లో చాలావరకు ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: సింహం ముద్ర ఉంటే ఇక అనుమానించక్కర్లేదు.

నడుస్తున్న సింహం గుర్తును లండన్‌లో 1544 నుంచి కొడుతున్నారు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉందని పరీక్షించి వేసే ముద్ర అది. దొంగ ముద్ర కానంతవరకు లోహం గురించి సింహం చెప్పేది నిజం. కానీ ముద్ర పడ్డాక ఆ వస్తువును ఎవరెవరు ఏం చేశారో సింహానికి తెలియదు.

జార్జి రాజుల కాలంలో (1714-1830) ట్యాంకర్డ్ అనే మూతగల పెద్ద బీరు చెంబులు విరివిగా చేశారు. విక్టోరియా కాలానికి వాటి వాడకం తగ్గింది. దాంతో చాలావాటికి కొమ్ము అతికించి కూజాలుగా మార్చారు. సాదాగా ఉన్నవాటి మీద పూలు, తీగలు ఉబ్బెత్తుగా కొట్టించారు. ఎక్కువమంది మోసపోయేది బెర్రీ స్పూన్ల దగ్గర. అవి మొదట మామూలు టేబుల్ స్పూన్లు. వందేళ్లు పోయాక ఎవరో వాటి గుంటలో ద్రాక్షలు, బేరిపళ్లు కొట్టించి, బంగారు పూత పూయించి, మఖ్మల్ పెట్టెలో సర్దారు. ముద్ర జార్జి కాలానిది, పళ్లు విక్టోరియా కాలానివి. చూడ్డానికి బాగుంటాయని కొనుక్కుంటే తప్పులేదు. జార్జియన్ పనితనం అనుకుని ఆ ధర పెడితేనే నష్టం.

అతుకు పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. వస్తువును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, నోటితో దాని మీద ఆవిరి పట్టండి. ఆ ఆవిరి ఆరేలోపు కొన్ని క్షణాలపాటు టంకం గీత, కోసి అతికించిన ముక్క అంచు, చెరిపేసిన నగిషీ మసగ్గా బయటపడతాయి. కొమ్ము మొదలు దగ్గర, పిడి రెండు కొసల దగ్గర, ముద్రల చుట్టూ ఇలా తప్పకుండా చూడాలి. ముద్రల చుట్టూ ఎందుకంటే, 1720 నుంచి 1758 వరకు వెండి సామాను మీద ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం ఉండేది. దాన్ని ఎగ్గొట్టడానికి కొందరు పనివాళ్లు చిన్న వస్తువుకు ముద్ర వేయించి, ఆ ముక్కను కోసి పెద్ద కాఫీపాట్ అడుగున అతికించేవారు. ఆ కాలంలో చేసిందే అయితే అలాంటి వస్తువుకు చరిత్రగా ఒక విలువ ఉంది. నిన్నమొన్న అతికించినదానికి మాత్రం ఏ విలువా లేదు. 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం, ముద్ర ఉన్న వస్తువును, వెండిని పరీక్షించి ముద్ర వేసే పరీక్షా కార్యాలయం అనుమతి లేకుండా మార్చడం నేరం.

మూత తీసి దాని లోపలివైపు కూడా చూడండి. విడిగా వచ్చే భాగాలకూ ముద్రలు వేసేవారు. టీపాట్ మీద ఒక తయారీదారు గుర్తు, మూత మీద ఇంకొకరిది ఉంటే, మూత వేరే టీపాట్‌ది కావచ్చు.

అపోహ: సింహం లేకపోతే వెండే కాదు.

1697 నుంచి 1720 వరకు ఇంగ్లండ్‌లో కొత్త సామానుకు స్టెర్లింగ్, అంటే 925 పాళ్ల వెండి పనికిరాదన్నారు. జనం నాణేలు కరిగించి సామాను చేయించుకుంటున్నారని సర్కారు అంతకంటే మేలైన 958 ప్రమాణం తప్పనిసరి చేసింది. ఆ కాలపు వస్తువుల మీద సింహం స్థానంలో కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా వేసే స్త్రీ) బొమ్మ, మెడ దగ్గర తెగినట్టున్న సింహం తల ఉంటాయి. ఎడిన్‌బరో ముద్ర మూడు బురుజుల కోట, డబ్లిన్‌ది కిరీటం పెట్టిన వీణలాంటి హార్ప్. వాటి పక్కన నడిచే సింహం కోసం వెతకడం దండగ.

అపోహ: అక్షరం చూస్తే సంవత్సరం తెలిసిపోతుంది.

ముద్రల వరసలో ఏడాదికొకటి చొప్పున మారే అక్షరం ఒకటి ఉంటుంది. కానీ అదొక్కటీ చాలదు. లండన్‌లో జె వదిలేసి ఏ నుంచి యు వరకు 20 అక్షరాలు వాడి, మళ్లీ మొదటికి వచ్చేవారు. 'ఏ' (A) అనే అక్షరం 1776లో ఉంది, 1796లో ఉంది, 1816లోనూ ఉంది. తేడా అంతా అక్షరం రాతలో, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారంలో ఉంటుంది. పైగా బర్మింగ్‌హామ్ వరస వేరు, షెఫీల్డ్ వరస వేరు. కాబట్టి ముందు ఊరి గుర్తు తేల్చుకోవాలి: చిరుత తల అయితే లండన్, లంగరు అయితే బర్మింగ్‌హామ్, కిరీటం అయితే షెఫీల్డ్. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ కార్యాలయాలు రెండూ 1773లో మొదలయ్యాయి. 1975 నుంచి షెఫీల్డ్ గుర్తు కిరీటం కాదు, గులాబీ. రాజు లేదా రాణి తల ముద్ర సుంకం కట్టినట్టు గుర్తు, 1784 నుంచి 1890 వరకు వేశారు. 1935 జూబిలీకి, 1953 పట్టాభిషేకానికి కూడా తలల ముద్రలు వేశారు కనుక, తల కనిపించగానే పాతదని అనుకోకండి.

అపోహ: ఈ.పి.ఎన్.ఎస్. అంటే ఇంగ్లండ్ వెండిలో ఒక రకం.

కాదు. అది నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. నికెల్ సిల్వర్‌లో రాగి, జింక్, నికెల్ ఉంటాయి, వెండి ఉండదు. గృహప్రవేశాలకు రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ అన్నది ఈ లోహానికే ఉన్న ఇంకో పేరు. 1840లో ఎల్కింగ్టన్ అనే తయారీదారులు పేటెంటు తీసుకున్నాక ఈ పూత సామాను వెల్లువలా వచ్చింది. నాలుగు అక్షరాలను నాలుగు చిన్న డాళ్లలో విడివిడిగా కొట్టడంతో, దూరం నుంచి చూస్తే హాల్‌మార్కుల వరసలా కనిపిస్తుంది. భూతద్దం లేకుండా సంతకు వెళ్లకండి.

అపోహ: షెఫీల్డ్ ప్లేట్ నకిలీ సరుకు, సేకరించడానికి పనికిరాదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 1740ల్లో షెఫీల్డ్‌లో థామస్ బౌల్‌సోవర్ రాగి మీద వెండి రేకును వేడితో అతికించి, రెంటినీ కలిపి ఒకే రేకుగా సాగదీయవచ్చని కనిపెట్టాడు. ఆ రేకుతో చేసిన సామానే షెఫీల్డ్ ప్లేట్. రేకును కోసినచోట అంచున రాగి కనిపిస్తుంది. దాన్ని దాచడానికి అంచు చుట్టూ వెండి తీగ చుట్టేవారు. లోతుగా నగిషీ చెక్కితే అడుగున రాగి బయటపడుతుందని, కుటుంబ చిహ్నం చెక్కాల్సిన చోట ముందే దళసరి వెండి బిళ్ల పొదిగేవారు. ఆవిరి పడితే ఆ బిళ్ల అంచు కనిపిస్తుంది. అసలైన పాత షెఫీల్డ్ అనడానికి నేను ముందు వెతికే గుర్తు అదే. వందేళ్ల తుడుపుకు అక్కడక్కడా రాగి ఎర్రగా తొంగిచూస్తే అది లోపం కాదు. కొత్తగా వెండి పూత పూయిస్తే మాత్రం వస్తువు పాడైనట్టే, విలువ పోయినట్టే. అడుగున షెఫీల్డ్ ప్లేట్ అని అక్షరాలా కొట్టి ఉంటే, చాలావరకు అది తర్వాతి కాలపు విద్యుత్ పూతే.

అపోహ: తూకం వేసి, వెండి ధరతో గుణిస్తే విలువ వస్తుంది.

మన ఊళ్లో వెండి కొట్టుకు వెళ్లిన అలవాటు ఇది. పాత క్యాండిల్‌స్టిక్‌లలో చాలావాటిని పలచటి రేకుతో అచ్చుకొట్టి, లోపల తారు లాంటి జిగురు పోసి, అడుగున గుడ్డ అంటించారు. త్రాసు చూపించే బరువులో ఎక్కువ భాగం ఆ జిగురుదే. కత్తుల పిడులూ అంతే. వెండి నిండుగా ఉన్న వస్తువుల విషయంలో కూడా, పోత పోసిన మంచి సాస్ పాత్ర ధర దాని లోహం ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. 1980 జనవరిలో అమెరికా సంపన్నులు హంట్ సోదరుల కొనుగోళ్లతో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకినప్పుడు, ఎన్నో మంచి వస్తువులు త్రాసు లెక్కకే కరిగిపోయాయి. మళ్లీ ధర పెరిగినప్పుడల్లా నా భయం అదే.

అపోహ: ఎవరి పేరో చెక్కి ఉంటే విలువ తగ్గుతుంది, చెరిపించేయాలి.

దయచేసి ఆ పని చేయకండి. చెక్కింది ఆ కాలంలోనే అయితే అది వస్తువు చరిత్ర. చెరిపించాలంటే లోహాన్ని అరగదీయాలి. అక్కడ బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి వంగుతుంది. అడుగున సూదితో గీసినట్టు చిన్న అంకెలు కూడా ఉంటే, అవి పాత బరువు కావచ్చు: ఔన్సులు, పెన్నీవెయిట్లు. ఔన్సు 31.1 గ్రాములు, దానికి 20 పెన్నీవెయిట్లు. ఇప్పటి బరువు కాస్త తక్కువగా ఉంటే అరుగుదల, బాగా తక్కువగా ఉంటే ఏదో తీసేశారు, ఎక్కువగా ఉంటే ఏదో అతికించారు.

అపోహ: హెస్టర్ బేట్‌మన్ ముద్ర ఉందంటే ఆవిడ చేత్తో చేసింది.

భర్త పోయాక 1761లో హెస్టర్ తన పేర ముద్ర నమోదు చేయించి, లండన్‌లో పెద్ద కార్ఖానా నడిపింది. ఆ కథ నాకెంతో ఇష్టం. అయితే ముద్ర చెప్పేది పూచీ ఎవరిదని, సుత్తి ఎవరిదని కాదు. ఆ పేరుకు ధర రెట్టింపు అడిగితే, అదే కాలపు పేరులేని దళసరి చెంచాను కొనమంటాను.

అపోహ: తళతళ మెరిస్తేనే బాగున్నట్టు.

విభూతి, చింతపండు, పళ్లపొడి ఇవేవీ పాత వెండికి వద్దు. రుద్దే ప్రతిసారీ కాస్త వెండి పోతుంది. ముందు అరిగేది ముద్రలు, నగిషీ అంచులే. గాడుల్లో ఉండే నలుపు వల్లే పని ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. రసాయనంలో ముంచితే అదీ పోయి వస్తువు పాలిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తని నూలుగుడ్డ, వెంటనే తడి ఆర్పడం, ఇంతే. జిగురు నింపిన వస్తువులను వేడినీళ్లలో పెట్టకండి. చెంచాలకు రబ్బరు బ్యాండు వేయకండి, అందులోని గంధకానికి నల్లటి చారలు పడతాయి. ఉప్పు గిన్నెలో ఉప్పును రాత్రంతా ఉంచితే వెండిని తినేసి గుంటలు చేస్తుంది. వాటి లోపల బంగారు పూత, నీలి గాజు గిన్నె పెట్టింది అందుకే.

అపోహ: తెల్లదొరల కాలంలో మన దేశంలో చేసిందంతా బ్రిటిష్ వెండే.

మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్ కంపెనీల సామాను దొరల బల్లల కోసమే తయారైంది. కానీ దాన్ని లండన్‌లో పరీక్షించలేదు, సింహం ముద్ర ఉండదు, కంపెనీ పేరో గుర్తో ఉంటుంది. దేవుళ్ల బొమ్మలు వరసగా ఉబ్బెత్తుగా కొట్టిన మద్రాసు స్వామి పని టీసెట్లు ఇప్పుడు లండన్ వేలంలో మంచి ధర పలుకుతున్నాయి. ముద్రలు లేవని అలాంటివి చౌకగా వదులుకోకండి.

తాతగారి నాటి టీసెట్‌ను అమెరికాకో ఇంగ్లండ్‌కో తీసుకెళ్లాలనుకునేవారికి ఒక మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం, వందేళ్లు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వందేళ్లు నిండాయో లేదో సందేహంగా ఉంటే, పెట్టె సర్దకముందే పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి.