కృష్ణా నీళ్లు, కరువు: కాలువ మీద పనిచేసేవాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

జూలై వస్తే చాలు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, పైన కర్ణాటకలో ఆల్మట్టి డ్యామ్ గేట్లు మూసేశారంట, ఇంక మనకి కరువే అని. నేను నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఇరిగేషన్‌లో పనిచేస్తా, రైతులు అడిగేవీ వింటా, టీవీల్లో అరుచుకునేవీ వింటా. ఎక్కువగా వినపడేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: పై రాష్ట్రాలు నీళ్లు ఆపేయబట్టే మనకి కరువు

సగం నిజం. ఆల్మట్టి ఇప్పుడున్న ఎత్తుకి 120 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పైచిలుకు పట్టుద్ది, తుంగభద్ర ఇంకో 105. అవి నిండేదాకా కిందకి పెద్దగా రావు, ఈలోపు మన నారుమళ్ల టైమ్ దాటిపోద్ది. ఆలస్యం దాకా వాళ్ల ఖాతాలో వేయొచ్చు. కానీ అసలు నదికి నీళ్లు ఎక్కడివి? మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైనే పడుద్ది, అదే కొండ దిగి తూర్పుకి వస్తే సోలాపూర్, విజయపుర, రాయచూరు, మన అనంతపురం, అంతా వానచాటు నేల, 500, 600, మహా అయితే 700. పడమటి కనుమల్లో సన్నటి పట్టీ ఒకటే నదిని నింపేది, అక్కడ జూలై ఆగస్టుల్లో ముసురు పట్టకపోతే పైనున్నోళ్లకీ లేవు, మనకీ లేవు. 2023 ఆగస్టు అలాంటిదే, దేశం మొత్తమ్మీద 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. ఎల్ నినో ఏడు అది. ఆ ఏడు గేట్లు తెరిచి పెట్టినా వచ్చేదేముంది?

అన్నట్టు మహారాష్ట్రలో కృష్ణా ఉపనది కొయనా నీళ్లు కరెంటు కోసం పడమటికి తిప్పి అరేబియా సముద్రం వైపు వదుల్తారు, ఏటా 67.5 టీఎంసీల దాకా, కృష్ణా నీళ్లు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒప్పుకున్నదే. దాని మీద మాత్రం ఎవరూ పోస్టులు పెట్టరు.

అపోహ: ట్రిబ్యునల్ 811 ఇచ్చింది, ఏటా 811 రావాల్సిందే

ఇది మా ఆఫీసుకొచ్చి కూడా అడుగుతారు. బచావత్ ట్రిబ్యునల్ లెక్క 75 శాతం డిపెండబిలిటీ మీద వేసింది. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు 2,060 టీఎంసీలో అంతకన్నా ఎక్కువో వస్తాయి, ఒక ఏడు తగ్గుద్ది. తగ్గుద్దని లెక్కలోనే ఉంది, ఎవరో దొంగిలించారని కాదు. ఆ 2,060కి పొలాల నుంచి మళ్లీ నదిలోకి దిగే ఊటనీళ్లు 70 కలిపి మహారాష్ట్రకి 585, కర్ణాటకకి 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 వేశారు.

మరి తగ్గిన ఏడు ఎవరు ఎంత తగ్గించుకోవాలి? అసలు గొడవంతా ఇక్కడే. మిగులునీ లోటునీ కలిసి పంచుకునే పద్ధతి స్కీమ్-బి అని బచావత్ ట్రిబ్యునల్ సూచించింది, దానికి కృష్ణా వ్యాలీ అథారిటీ కావాలి, అది పెట్టలేదు, ఒక్కో రాష్ట్రానికి ఇంత అని హద్దు పెట్టే స్కీమ్-ఎ ఒక్కటే అమల్లోకొచ్చింది. దాంతో లోటు ఏడు పైనున్నోడు ముందు నింపుకుంటాడు, కిందనున్నోడు ఆకాశం చూస్తాడు. మిగులొస్తే వాడుకునే వెసులుబాటు మాత్రం కింద ఉన్నందుకు మనకి ఇచ్చారు, హక్కుగా కాదు. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం డిపెండబిలిటీకి లెక్క మార్చింది గానీ సుప్రీంకోర్టు స్టే వల్ల గెజిట్‌కి ఎక్కలేదు.

అపోహ: ఏపీ 512, తెలంగాణ 299 అనేది తీర్పు

కాదు. ఆ 811ని రెండు రాష్ట్రాలూ 2015లో పంచుకున్న తాత్కాలిక సర్దుబాటు. బేసిన్ మా వైపే ఎక్కువుంది కదా అని తెలంగాణ అడుగుద్ది, పాత ప్రాజెక్టులకి ముందే కేటాయింపులున్నాయి కదా అని ఏపీ అంటది, ఎవరి వాదన వాళ్లకుంది. ఇది తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కే అప్పజెప్పింది.

అపోహ: ఇన్ని నీళ్లు సముద్రం పాలు చేస్తూ కరువంటారేంటి

వరదనీ, వాడుకునే నీళ్లనీ ఒకే గాటన కట్టేస్తారు ఇక్కడ. 11,574 క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. మా కుడి కాలువ హెడ్ దగ్గర కెపాసిటీ 11,000 క్యూసెక్కులు, ఫుల్లుగా వదిలినా రోజుకి టీఎంసీ కూడా పోదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ లెక్కన రోజుకి 95 టీఎంసీలు, బ్యారేజీ పట్టేదేమో మూడు. ఎక్కడ పెడతాం చెప్పండి? 2009 చూడండి, రుతుపవనాలు ఫెయిలైన ఏడు, అదే ఏడు అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగిపోయింది. పైగా నదిలో నీళ్లు దిగకపోతే నాగాయలంక, కోడూరు వైపు బోర్లలోకి ఉప్పు ఇంకా లోపలికి ఎక్కుద్ది.

అపోహ: బోరు నీళ్లు వేరు, నది నీళ్లు వేరు

కాగితం మీద వేరే. బచావత్ తీర్పులో భూగర్భ జలం వాడకాన్ని నది వాటాలో కలపకూడదనే ఉంది. నేలకి ఆ సంగతి తెలియదు కదా, ఎండాకాలం వాగుల్లో పారేది ఆ ఊటే. నాలుగు రాష్ట్రాల్లో లక్షల బోర్లు తోడేస్తుంటే ఆ వాగులు ముందే ఎండిపోతాయి, ఏ బోర్డూ దాన్ని లెక్కేయదు.

అపోహ: సాగర్‌లో నీళ్లున్నాయి కదా, చివరి భూములకి ఎందుకు రావు

ఒకటి, డ్యామ్‌లో కనపడేదంతా మనది కాదు. ఫుల్లు 590 అడుగులకి 312 టీఎంసీలు, 510 అడుగులకి దిగేసరికి ఇంకా 130 దాకా ఉంటాయి గానీ అది డెడ్ స్టోరేజీ, అంటే వాడుకోకుండా వదిలేసే నీళ్లు, కింద లెక్క. కట్టినప్పుడు 408 పట్టేది, మిగతాది పూడిక తినేసింది. తీసేస్తే పోలా అంటారు, దాదాపు వంద టీఎంసీల మట్టి, తీసి ఎక్కడ పోయాలో ఆ చెప్పేవాళ్లు చెప్పరు.

రెండోది మా కాలువ సంగతి. పగలు మేజర్ (పెద్ద పిల్లకాలువ) మొదట్లో గేజ్ (నీటిమట్టం కొలత) బాగానే చూపిస్తది, రాత్రి పదింటి నుంచి గట్టు మీద మోటార్లు, ఆయిల్ ఇంజన్లు, కట్ట కింద నుంచి పైపులు, తెల్లారి లష్కర్ (కాలువ కాపలాదారు) చివర గేజ్ చూస్తే బురదే. తూము మొదట్లోవాళ్లు ఆరుతడి అని చెప్పిన చోట వరి వేస్తారు. వాళ్లదీ పూర్తిగా తప్పనలేం, నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో నమ్మకం లేనోడు ఉన్నప్పుడే నింపుకుంటాడు, వారాబందీ (వంతులవారీ నీళ్లు) తేదీలు ముందే చెప్పి రెండు తడులు టైముకి ఇచ్చిన చోట ఈ పైపులు తగ్గినయ్యి. టీఎంసీల కోసం ఢిల్లీ దాకా కొట్లాడుకుంటాం గానీ, చివరి ఎకరానికి ఆ తేదీ ఎవరు చెప్పాలో మాలోనే మాకు క్లారిటీ లేదు.