జో బర్రో మూడేళ్ళు బెంచీ మీద ఎందుకు కూర్చున్నాడు

జనవరి వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్ళ మధ్య ఇదే రచ్చ. ఫలానా క్వార్టర్‌బ్యాక్ ఫలానా యూనివర్సిటీకి జంప్ అంట, ఇంత ఇస్తున్నారంట, అసలు కుర్రాడిలో సరుకుందా లేక పాత కోచ్ పుణ్యమా అని. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చింది, 2021లో మొదటిసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు, అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్నారు, దాంతో పాత గొడవకి రేటు కూడా కట్టేసినట్టయింది. గొడవ మాత్రం మన తాతల నాటిది, క్వార్టర్‌బ్యాక్ జో బర్రో కథ దగ్గరికి వచ్చేముందు అది కాస్త చూద్దాం.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ప్లేకీ (బంతితో ముందుకెళ్ళే ఒక్కో ప్రయత్నానికీ) ముందు ఎదుటివాళ్ళ ఫీల్డ్ సెట్టింగ్ చదవాలి, అవసరమైతే అక్కడికక్కడే ప్లాన్ మార్చాలి, బంతి చేతికొచ్చాక మూడు సెకన్లలోపు ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, ఈలోపు వంద కిలోలు దాటిన మనుషులు వాడి మీదికి ఉరుకుతుంటారు. చెయ్యి బలం, కాళ్ళ వేగం దేవుడిచ్చాడనుకుందాం, ఆ మూడు సెకన్లలో ముందు ఎటు చూడాలన్నది ఎవరో ఒకరు నేర్పాల్సిందే కదా.

1939లో స్టాన్‌ఫర్డ్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచింది, ఏడు ఓడింది, ఒకటి టై. ఆ టీమ్‌లో ఫ్రాంకీ ఆల్బర్ట్ అని ఎడమచేతి కుర్రాడు, పెద్ద ఎత్తూ కాదు, లావూ కాదు. అప్పటి సింగిల్ వింగ్ పద్ధతిలో బంతి అందుకున్నవాడే పరిగెత్తాలి, గుద్దులు తినాలి, దాంతో మనోడు నలిగిపోయాడు. ఆ ఏడాది చివర్లో యూనివర్సిటీ ఆఫ్ షికాగో అసలు ఫుట్‌బాల్ టీమ్‌నే ఎత్తేసింది (మిషిగన్ చేతిలో 85-0తో ఓడాక ఇంకేం మిగిలింది లెండి), అక్కడి కోచ్ క్లార్క్ షానెస్సీ రోడ్డున పడితే స్టాన్‌ఫర్డ్ పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆయన తెచ్చింది టీ ఫార్మేషన్. క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి (బంతి వెనక్కి అందించేవాడికి) ఆనుకుని నిలబడి బంతి అందుకుంటాడు, ఇతనికిచ్చినట్టు నటించి అతనికిస్తాడు, లేదంటే ఎవరికీ ఇవ్వకుండా తొడ పక్కన దాచుకుని ఏమీ ఎరగనట్టు తనే జారుకుంటాడు. ఆల్బర్ట్‌కి పెద్ద పరుగు లేదు, బరువు లేదు, కానీ గారడీవాడి చేతులున్నాయి. 1940లో చాలావరకు అదే టీమ్ 10కి 10 గెలిచి, సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్‌లో నెబ్రాస్కాని 21-13తో ఓడించింది. ఆ చేతులు 1939లోనూ వాడి దగ్గరే ఉన్నాయి, అడిగినవాడు లేడు. 1940 డిసెంబర్‌లో షికాగో బేర్స్ కూడా టీ ఫార్మేషన్‌తోనే ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్లో వాషింగ్టన్‌ని 73-0తో చితక్కొట్టారు, ఇంక దేశమంతా దాని వెనకే పడింది.

స్టీవ్ యంగ్ కథ ఇంకో రకం. 1980లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చేరేటప్పటికి బాగా పరిగెత్తేవాడు, విసరడం అంతంతమాత్రం, క్వార్టర్‌బ్యాక్‌ల లైన్‌లో ఎనిమిదోవాడు, డిఫెన్స్‌లోకి మారుద్దామని కూడా అనుకున్నారు. కానీ అక్కడ 1972లో వచ్చిన హెడ్ కోచ్ లావెల్ ఎడ్వర్డ్స్ పాసింగ్ మీదే టీమ్ నడుపుతున్నాడు, ఒకడు వెళ్తే ఇంకొకడు రెడీ అయ్యేవాడు: నీల్సన్, విల్సన్, మెక్‌మాన్. ఆ లైన్‌లో నిలబడి నేర్చుకున్న యంగ్ 1983లో 71.3 శాతం పాస్‌లు కరెక్ట్‌గా అందించి అప్పటికి రికార్డు కొట్టాడు. మర్నాడే... సారీ, మరుసటి ఏడాదే రాబీ బోస్కో వచ్చి నేషనల్ టైటిల్ తెచ్చేశాడు. అంటే ఫ్యాక్టరీ గొప్పదా సరుకు గొప్పదా? అప్పట్నుంచే ఈ డౌట్ గట్టిగా పట్టుకుంది జనాన్ని.

ఆ డౌట్‌ని పిచ్చి స్థాయికి తీసుకెళ్ళింది మైక్ లీచ్. లా చదివినాయన, కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. టెక్సస్ టెక్‌లో ఎయిర్ రెయిడ్ అని ఎక్కువగా బంతి విసిరే పద్ధతి, కొన్నే ప్లేలు పెట్టుకుని అవే మళ్ళీ మళ్ళీ రుద్దించేవాడు. 2002లో కింగ్స్‌బరీ, 2003లో సైమన్స్, 2004లో కంబీ, 2005లో హాడ్జెస్, ఏటా కొత్త కుర్రాడే, ప్రతివాడూ పాస్‌లతో 4 వేల యార్డులు దాటాడు, సైమన్స్ అయితే ఏకంగా 5,833. కంబీ స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరినవాడు. 5,833 కొట్టిన సైమన్స్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట) 7వ రౌండ్‌లో తీసుకున్నారు, అదే చివరి రౌండ్. "సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్" (అంటే గొప్ప కోచ్ పద్ధతిదే, వాడిది కాదు) అనే తిట్టు ఇలాంటివాళ్ళకే బాగా అంటుకుంది. మళ్ళీ అదే కాలేజీలో, అదే కింగ్స్‌బరీ కోచ్‌గా ఉన్నప్పుడు ప్యాట్రిక్ మహోమ్స్ ఆడాడు, 2016లో ఓక్లహోమా మీద ఒక్క మ్యాచ్‌లో 734 యార్డులు విసిరి 66-59తో ఓడిపోయాడు, ఆ సీజన్ 5 గెలుపులు 7 ఓటములు. చూసేవాళ్ళు చాలామంది అతన్నీ అదే గాటన కట్టేశారు. తర్వాత అతనే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సూపర్ స్టార్ అయ్యాడు.

కోచింగ్ అనగానే మనకి ఎంసెట్, ఐఐటీ ఫౌండేషన్ గుర్తొస్తాయి కాబట్టి ఒకటి చెప్పాలి. టాడ్ మరినోవిచ్ అని ఒకడున్నాడు, వాళ్ళ నాన్న మార్వ్ వాణ్ణి ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచే క్వార్టర్‌బ్యాక్‌గా తయారుచెయ్యడం మొదలుపెట్టాడు, తిండి దగ్గర్నుంచి కండరాల దాకా అన్నీ లెక్క. యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆడాడు, రోజ్ బౌల్ గెలిచాడు, 1991 డ్రాఫ్ట్‌లో 24వ నంబర్, బ్రెట్ ఫావ్రా కంటే ముందు. డ్రగ్స్‌లో పడి 1992 తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మళ్ళీ కనపడలేదు.

ఇక "నేచురల్ టాలెంట్" అన్న మాట. పైకి పొగడ్తలా ఉంటుంది గానీ ఏళ్ళ తరబడి ఇది నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ల పాలిట శాపం అయి కూర్చుంది. "నువ్వు పుట్టుకతోనే అథ్లెట్‌వి బాబూ" అనేవాళ్ళు, అంటే వేగం ఉంది, బుర్రతో ఆడే చోటు నీది కాదు, పోయి రిసీవర్‌గానో (విసిరిన బంతి పట్టేవాడు) డిఫెన్స్‌లోనో ఆడుకో అని అర్థం. టోనీ డంగీ మినెసోటా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, 1977లో ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ స్టీలర్స్ తీసుకుని డిఫెన్స్‌లో సేఫ్టీగా మార్చారు (ఆ తర్వాత సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, గెలిచిన హెడ్ కోచ్ ఆయనే, బుర్ర లేకనేనా?). వారెన్ మూన్ వాషింగ్టన్ యూనివర్సిటీ తరఫున 1978 రోజ్ బౌల్‌లో బెస్ట్ ప్లేయర్, డ్రాఫ్ట్ 12 రౌండ్లలో ఒక్కరూ పేరు పిలవలేదు, కెనడా వెళ్ళి ఎడ్మంటన్‌తో వరసగా ఐదు గ్రే కప్‌లు (అక్కడి లీగ్ టైటిల్) కొట్టి వచ్చాడు. ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆండ్రే వేర్, అది 1989లో! అందుకే ఎవరైనా కుర్రాణ్ణి నేచురల్ అనో, కోచ్ మాట బాగా వింటాడనో అంటే నేను ముందు కుర్రాడి రంగు చూస్తాను, చాలాసార్లు లెక్క అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు బర్రో. వాళ్ళ నాన్న జిమ్ బర్రో ఒహాయో యూనివర్సిటీ డిఫెన్స్ కోచ్, ఏథెన్స్ అనే చిన్న ఊరు, ఇంట్లో పొద్దస్తమానం ఎదుటి టీమ్‌ని ఎలా ఆపాలన్న మాటలే. మరి వాడికి డిఫెన్స్ చదవడం పుట్టుకతో వచ్చిందందామా, కోచింగ్‌తో వచ్చిందందామా? నాకైతే ఆ గీత ఎక్కడ గియ్యాలో అర్థం కాదు. 2015లో ఒహాయో స్టేట్‌లో (అది వేరే యూనివర్సిటీ) చేరాడు, తీసుకొచ్చినవాళ్ళలో ముఖ్యుడు అంతకుముందు అక్కడ అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న టామ్ హెర్మన్. మొదటి ఏడాది రెడ్‌షర్ట్ (ప్రాక్టీసే తప్ప మ్యాచ్‌లు ఆడకుండా, ఆ ఏడాది లెక్కలో పోకుండా ఉంచడం), తర్వాత జె.టి. బారెట్ వెనక బ్యాకప్, 2017 సీజన్ ముందు చెయ్యి విరిగింది, ఆ గ్యాప్‌లో డ్వేన్ హాస్కిన్స్ ముందుకెళ్ళిపోయాడు. కోచ్‌లు గుడ్డివాళ్ళని అనడానికీ లేదు, 2018లో హాస్కిన్స్ 50 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేశాడు మరి. కుర్చీ ఒకటే, మనుషులు ఇద్దరు.

బర్రో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వచ్చాడు. 2018లో 57.8 శాతం పాస్‌లు కరెక్ట్, 16 టచ్‌డౌన్‌లు, పర్లేదు, అంతే. తర్వాతి ఏడాది హెడ్ కోచ్ ఎడ్ ఆర్జెరాన్ న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అని ముప్పై కూడా నిండని అసిస్టెంట్‌ని పాసింగ్ గేమ్ చూసుకోవడానికి తెచ్చి, పాత కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ పక్కన కూర్చోబెట్టాడు. ఐదుగురు రిసీవర్లని మైదానమంతా పరిచేశారు, ఎదుటివాళ్ళు ఎక్కడున్నారో దాచుకోలేని పరిస్థితి, చదవగలిగేవాడికి అది తెరిచిన పుస్తకం. సెప్టెంబర్ 7న ఆస్టిన్‌లో టెక్సస్‌తో మ్యాచ్, అవతల హెడ్ కోచ్ ఎవరనుకున్నారు, అదే టామ్ హెర్మన్. ఎల్‌ఎస్‌యూ ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉంది, ఇంకో రెండున్నర నిమిషాలు, మూడో డౌన్ (ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది), 17 యార్డులు కావాలి. మామూలుగా ఎవరైనా పరిగెత్తి టైమ్ ఖర్చుపెడతారు. టెక్సస్ వాళ్ళు మీదికి దూసుకొచ్చారు, బర్రో వెనక్కి పోకుండా ఒక అడుగు ముందుకే వేసి కాస్త పక్కకి జరిగి జస్టిన్ జెఫర్సన్‌కి అందించాడు, 61 యార్డులు, టచ్‌డౌన్. ఆ ప్లే పిలిచే ధైర్యం కోచ్‌లది, ఆ ముందడుగు మాత్రం వాడిదే.

సీజన్ ముగిసేసరికి 76.3 శాతం, 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్‌లు, హైస్మన్, 15కి 15 గెలుపులు, ఫైనల్లో క్లెమ్సన్ మీద 42-25. నాన్న ఆ ఏడాది కొడుకు ఆట చూడ్డానికే రిటైర్ అయ్యాడు. తర్వాత బ్రేడీ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ కరోలినా పాంథర్స్‌కి వెళ్ళి 2021 డిసెంబర్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, బర్రో రెండు నెలలకే సూపర్ బౌల్ ఆడాడు, చూశారా టాలెంటే అన్నారు కొందరు. జెఫర్సన్, జమార్ చేజ్ లాంటి రిసీవర్లు పక్కనుంటే ఎవడైనా వేస్తాడన్నారు ఇంకొందరు. 2021లో బెయిలీ జాపీ అయితే తన కోచ్ జాక్ కిట్లీ వెంట హ్యూస్టన్ బాప్టిస్ట్ నుంచి వెస్టర్న్ కెంటకీకి మూటాముల్లె సర్దుకుని వెళ్ళి 62 టచ్‌డౌన్‌లతో బర్రో రికార్డు కొట్టేశాడు, ఇప్పుడు ఇద్దర్నీ కలిపి కొనుక్కోవడం మామూలైపోయింది.

ఈ గొడవలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. 2018 నాటి రూల్ ప్రకారం కాలేజీ మారితే ఏడాది ఆట బంద్, డిగ్రీ చేతికొచ్చినవాడికి మినహాయింపు ఉండేది. బర్రో మూడేళ్ళలోనే డిగ్రీ పూర్తిచేసేశాడు కాబట్టి వచ్చీ రాగానే ఆడగలిగాడు, లేకపోతే ఆ 57.8 శాతం ఏడాది అనేదే ఉండేది కాదు, ఎల్‌ఎస్‌యూ జెర్సీలో ఆ ఏడాది అనుభవం లేకుండానే 2019లో ఆస్టిన్ లాంటి చోట దిగాల్సి వచ్చేది.