పెద్ద మోటార్‌హోమ్‌కు ఏ లైసెన్స్ కావాలి? మనవాళ్లలో తిరిగే అపోహలు, వాస్తవాలు

మే నెల వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు, పిల్లలకు సెలవులు మొదలవుతాయి, ఇంట్లో ఎల్లోస్టోన్ ప్లాన్ నడుస్తుంది. రోజుకో హోటల్ మార్చడం, పెద్దవాళ్లకు బయటి తిండి పడకపోవడం, దారిలో బాత్రూమ్ కోసం వెతుక్కోవడం, ఇవన్నీ చూసి, మంచాలు, వంటగది, బాత్రూమ్ లోపలే ఉండే మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుంటారు. అలా రెండు మూడు వేసవులు తిరిగాక కొంతమంది సొంతంగా కొనేస్తారు, అదీ పెద్దదే. డాలస్ దగ్గర నేను చేసే పని ఈ పెద్ద బండ్లు నడపడం నేర్పడం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది బండి ఇంటికి వచ్చాకే లైసెన్స్ సంగతి అడుగుతారు. అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక మాట చెప్పి ఉంటారు. ఆ మాటల్లో తరచుగా వినేవాటి గురించి ఇక్కడ రాస్తున్నాను. నేను టెక్సస్ చట్టాన్ని పట్టుకుని చెబుతాను, వేరే స్టేట్ల సంగతి అవసరమైన చోట చెబుతాను.

అపోహ: "నాది క్లాస్ సీ మోటార్‌హోమ్, నా లైసెన్స్ కూడా క్లాస్ సీ. సరిపోతుంది."

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. మోటార్‌హోమ్‌లకు కంపెనీలు పెట్టే ఏ, బీ, సీ వేరు. లైసెన్స్ మీద ఉండే ఏ, బీ, సీ వేరు. రెండింటికీ సంబంధం లేదు. బస్సులా పొడవుగా, ముందంతా అద్దంతో ఉండేది క్లాస్ ఏ మోటార్‌హోమ్. స్ప్రింటర్ లాంటి వ్యాన్‌లోనే మంచం, స్టవ్ అమర్చినది క్లాస్ బీ. డ్రైవర్ క్యాబిన్ మీద మంచం ముందుకు పొడుచుకొచ్చి ఉండేది క్లాస్ సీ. ఇది బండి ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు. క్లాస్ బీ వ్యాన్‌ను మామూలు కారు లైసెన్స్‌తో నడపొచ్చు. అదే ట్రక్కు ఛాసిస్ మీద కట్టిన 'సూపర్ సీ' రకం చూడ్డానికి చిన్నగా అనిపించినా, కొన్ని మోడళ్లు మామూలు లైసెన్స్ పరిధి దాటిపోతాయి.

టెక్సస్‌లో చూడాల్సింది ఒకే అంకె: 26,001 పౌండ్లు. బండి జీవీడబ్ల్యూఆర్ (అన్నీ ఎక్కాక ఉండగల గరిష్ఠ బరువుకు కంపెనీ పెట్టిన పరిమితి) అంతకంటే తక్కువైతే మామూలు క్లాస్ సీ లైసెన్స్ చాలు. 26,001 గానీ అంతకు మించి గానీ ఉంటే క్లాస్ బీ లైసెన్స్ తీసుకోవాలి. కిలోల్లో చూస్తే దాదాపు పదకొండు టన్నుల ఎనిమిది వందలు.

అద్దెకిచ్చే కంపెనీల దగ్గర సాధారణంగా దొరికే క్లాస్ సీ బండ్లలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టినవి. దాని జీవీడబ్ల్యూఆర్ 14,500 పౌండ్లు. కాబట్టి వేసవిలో వారం రోజులకు అద్దెకు తీసుకునేవాళ్లు లైసెన్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. పెట్రోల్‌తో నడిచే క్లాస్ ఏ బండ్లకు వాడే ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ కూడా 26,000 దగ్గర ఆగిపోతుంది. సమస్యంతా ఇంజిన్ వెనకాల ఉండే డీజిల్ బండ్లతో. నలభై అడుగుల పైబడినవి 40,000 పౌండ్లు దాటడం మామూలే.

అపోహ: "ట్యాంకులు ఖాళీ చేసి, సామాను తీసేస్తే 26,000 లోపే ఉంటుంది."

ఉండొచ్చు, కానీ చట్టం అడిగేది ఆ రోజు బండి ఎంత తూగిందని కాదు. జీవీడబ్ల్యూఆర్ అంటే నీళ్లు, మనుషులు, సామాను అన్నీ ఎక్కాక ఆ బండి గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన పరిమితి. అది బండితో పుట్టిన అంకె, మనం సామాను దించితే మారదు.

ఆ అంకె ఎక్కడుందో చూసుకోవడమే నా మొదటి పాఠం. డ్రైవర్ సీటులో కూర్చుని ఎడమ చేతివైపు గోడ మీద చూడండి, తలుపు ఉన్న బండి అయితే తలుపు చట్రం మీద చూడండి. తెల్లని స్టిక్కర్ మీద బండి వీఐఎన్ నంబర్, తయారైన నెల, ఒక్కో యాక్సిల్ ఎంత మోయగలదో, వాటితోపాటు జీవీడబ్ల్యూఆర్ పౌండ్లలోనూ కిలోల్లోనూ రాసి ఉంటుంది. పక్కనే ఇంకో స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు ఎక్కించొచ్చో ఉంటుంది. కొనేముందే రెండింటినీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బ్రోచర్‌లో ఉన్న అంకె మీద, సేల్స్‌మన్ నోటిమాట మీద ఆధారపడకండి. ఒకే పేరున్న మోడల్‌లో పొడవు మారితే ఛాసిస్ మారుతుంది, దాంతో అంకె కూడా మారుతుంది.

అలాగని అసలు బరువు పట్టించుకోవద్దని కాదు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. వంద గ్యాలన్ల ట్యాంకు నింపితే ఎనిమిది వందల పౌండ్లకు పైగా ఎక్కినట్టే. దానికి తోడు మనవాళ్ల బియ్యం బస్తా, గ్రైండర్, కుక్కర్లు, పచ్చడి జాడీలు. ట్రక్ స్టాప్‌లో ఉండే తూకం మీద నిండు బండిని ఒక్కసారైనా పెట్టి చూసుకోవాలి, ముఖ్యంగా టైర్ల కోసం.

అపోహ: "అంత పెద్ద బండి అంటే సీడీఎల్ ఉండాల్సిందే."

అక్కర్లేదు. సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్స్ లైసెన్స్) అనేది బండిని జీవనోపాధికి, వ్యాపారానికి నడిపేవాళ్ల కోసం 1986లో వచ్చిన కేంద్ర చట్టంతో పుట్టింది. సొంత కుటుంబంతో విహారానికి నడిపే మోటార్‌హోమ్ ఎంత పెద్దదైనా ఆ కేంద్ర నిబంధనల కిందికి రాదు. అందుకే టెక్సస్‌లో కావాల్సింది సీడీఎల్ కాని క్లాస్ బీ. దానికి కంటి పరీక్ష, రాత పరీక్ష, అదే స్థాయి బండిలో డ్రైవింగ్ పరీక్ష ఉంటాయి. సీడీఎల్‌కు తప్పనిసరి చేసిన శిక్షణ కోర్సు దీనికి వర్తించదు.

"పోనీ, సీడీఎలే తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది కదా" అనేవాళ్లుంటారు. నేను వద్దనే చెబుతాను. సీడీఎల్ ఉన్న మనిషి మీద నిఘా ఎక్కువ. టెక్సస్‌లో మామూలు డ్రైవర్‌కు స్పీడింగ్ టికెట్ వస్తే, షరతులకు లోబడి, డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి కొట్టేయించుకోవచ్చు. సీడీఎల్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది, టికెట్ సొంత కారులో వచ్చినా సరే. స్టేట్లు దాటి సరుకు తోలే డ్రైవర్లకైతే రెండేళ్లు మించకుండా మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి. విహారానికి వెళ్లేవాళ్లకు ఈ తలనొప్పి దేనికి?

ఒక్క సందర్భంలో మాత్రం లెక్క మారుతుంది. డాలస్ నుంచి పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి తలకింత అని డబ్బు తీసుకుని జనాన్ని తిప్పుదామని ఒకరు అడిగారు. డబ్బు చేతులు మారిన క్షణం నుంచి అది విహారం కాదు, వ్యాపారం. అప్పుడు సీడీఎల్, ఇన్స్యూరెన్స్, పర్మిట్లు అన్నీ కొత్తగా చూసుకోవాలి.

అపోహ: "అమెరికా అంతా ఒకటే రూల్."

స్టేట్‌కో రూల్. కాలిఫోర్నియాలో మోటార్‌హోమ్ విషయంలో చూసేది పొడవు. 40 అడుగుల వరకు మామూలు క్లాస్ సీ లైసెన్స్ చాలు. 40 దాటి 45 లోపు ఉంటే సీడీఎల్ కాని క్లాస్ బీ కావాలి. అంటే 34,000 పౌండ్లు, 38 అడుగులు ఉన్న బండికి టెక్సస్ మనిషి క్లాస్ బీ తీసుకోవాలి, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉండే మనిషి అదే బండిని కారు లైసెన్స్‌తో నడుపుతాడు. న్యూయార్క్‌లో 26,000 పౌండ్లు దాటితే లైసెన్స్ మీద 'ఆర్' అనే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి ముద్ర) చేర్పించుకోవాలి. ఫ్లోరిడాలో మామూలు క్లాస్ ఈ లైసెన్స్ ఉంటే చాలు.

మరి ఈ స్టేట్లన్నీ దాటుకుంటూ వెళ్తే? మీరు ఎక్కడ నివాసులో ఆ స్టేట్ చట్టం ప్రకారం సరైన లైసెన్స్ ఉంటే, పర్యాటకులుగా వెళ్లినప్పుడు మిగతా స్టేట్లు సాధారణంగా దాన్నే ఒప్పుకుంటాయి. ఉద్యోగం మారి ఇల్లు మారితే మాత్రం కొత్త స్టేట్ రూల్ మీకు వర్తిస్తుంది. ఫ్లోరిడా నుంచి టెక్సస్ వచ్చినవాళ్లకు లైసెన్స్ మార్చుకోవడానికి 90 రోజుల గడువు ఉంటుంది. కారు లైసెన్స్ మార్చుకుని పని అయిపోయిందనుకుంటారు, పెరట్లో ఉన్న పెద్ద బండి సంగతి గుర్తురాదు.

కొన్ని రోడ్ల మీద ఏ లైసెన్స్ ఉన్నా లాభం లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో గోయింగ్-టు-ది-సన్ రోడ్ ఉంది. అందులో అవలాంచ్ క్రీక్ నుంచి రైజింగ్ సన్ దాకా కొండ అంచున సాగే భాగంలోకి బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన వాహనాన్ని అనుమతించరు. అద్దె బండ్లలో కూడా చాలావాటికి ఆ దారి లేదు.

అపోహ: "వెనకాల కారు కట్టుకుంటే క్లాస్ ఏ లైసెన్స్ కావాలి."

టెక్సస్‌లో క్లాస్ ఏ కావాలంటే రెండూ కలిపిన రేటింగ్ 26,001 చేరడమే కాదు, వెనక కట్టినదాని జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు దాటాలి. జీప్ రాంగ్లర్ లాంటిది ఆ అంకెకు చాలా దూరం. అసలు జాగ్రత్త వేరే ఉంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగడానికి అన్ని కార్లూ పనికిరావు. మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనబడే టెస్లాను అలా లాగకూడదని కంపెనీయే చెబుతుంది. ఇంకోటి, అలా కట్టిన కారుతో రివర్స్ చేయకూడదు. ముందు చక్రాలు పక్కకు తిరిగిపోయి, కారును బండికి కలిపే టో బార్ వంగుతుంది. పెట్రోల్ బంక్‌లోకి దూరేముందే బయటికొచ్చే దారి చూసుకోవాలి.

అపోహ: "ఎయిర్ బ్రేకులకు లైసెన్స్‌లో వేరే ముద్ర లేదంటే నేర్చుకోనక్కర్లేదు."

సొంత వాడకపు మోటార్‌హోమ్‌కు టెక్సస్ ఎయిర్ బ్రేక్ ఎండార్స్‌మెంట్ అడగదు, నిజమే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో నివాసులకు కావాలి. కాగితం అడిగినా అడగకపోయినా నా దగ్గర ఇది రాకుండా ఎవరినీ రోడ్డెక్కించను. పెద్ద డీజిల్ బండ్లలో బ్రేకు పనిచేసేది గాలి ఒత్తిడితో. పొద్దున బండి తీసేముందు వాటిని ఇలా పరీక్షించడం ఐదు నిమిషాల పని.

చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి గేజ్ చూడాలి. గాలి ఒత్తిడి సుమారు 120, 130 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర కంప్రెసర్ ఆగి, ఒక్కసారిగా 'స్స్' మని గాలి వదిలే శబ్దం వస్తుంది. ఇప్పుడు ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వదిలి ఒక నిమిషం గేజ్ మీదే కళ్లుంచాలి. 2 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఇంకో నిమిషం, ఈసారి 3 కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత తాళం ఆన్‌లో పెట్టి పెడల్‌ను తొక్కుతూ వదులుతూ ఉంటే ఒత్తిడి దిగుతుంది. 60 పీఎస్ఐ దగ్గరికి వచ్చేసరికి హెచ్చరిక దీపం, బజర్ రావాలి. ఇంకా తొక్కితే 45 నుంచి 20 మధ్యలో పార్కింగ్ బ్రేక్ నాబ్ దానంతట అదే బయటికి తన్నుకొస్తుంది. ఆ శబ్దానికి మొదటిసారి అందరూ ఉలిక్కిపడతారు. కొలరాడో కొండ దిగేటప్పుడు కాకుండా ఇంటి ముందే ఉలిక్కిపడటం మేలని అక్కడే చూపిస్తాను.

అపోహ: "డీలర్ అమ్మాడు, ఇన్స్యూరెన్స్ ఇచ్చారు. అంటే నా లైసెన్స్ ఓకే."

బండి అమ్మేవాళ్లు మీ లైసెన్స్ క్లాస్ చూడాలన్న నియమం లేదు, పాలసీ రాసేటప్పుడు కూడా తరచూ అడగరు. అడిగేది ప్రమాదం జరిగాక. ఏజెంట్‌ను ఈమెయిల్‌లో సూటిగా అడగండి: ఈ బండి రేటింగ్ ఇంత, నా లైసెన్స్ ఇది, క్లెయిమ్ వస్తే ఇబ్బంది ఉంటుందా? జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

అపోహ: "నాన్నగారికి ఇండియాలో హెవీ లైసెన్స్ ఉంది, ఆయన నడిపేస్తారు."

ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపిన పెద్దాయన చేతి నైపుణ్యం మీద నాకు చాలా గౌరవం. కానీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అనేది ఇండియా లైసెన్స్‌కు తోడుగా ఉండే అనువాద పత్రం మాత్రమే. అది ఇండియాలోనే తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్స్ లేకుండా దానికి విలువ లేదు. అద్దె బండి అయితే కంపెనీ ఒప్పందంలో డ్రైవర్‌గా ఆయన పేరు ఉండాలి. సొంత పెద్ద బండి అయితే ఇన్స్యూరెన్స్‌లోనూ పేరు ఉండాలి. అవి తేలకుండా స్టీరింగ్ ఇవ్వొద్దు. స్టీరింగ్ ఎడమవైపు, ట్రాఫిక్ కుడివైపు, పైగా వెనక చక్రాల తర్వాత పది పన్నెండు అడుగుల తోక. ఎడమకు స్టీరింగ్ తిప్పితే ఆ తోక కుడివైపుకి విసురుతుంది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కుడి వెనక మూలకు ఆనించి కోన్ పెట్టి చూపిస్తాను. బండి కదిలిన రెండో క్షణంలో కోన్ పడిపోతుంది. పెట్రోల్ పంపులు, పక్క లేన్‌లో కార్లు తగిలేది ఇలాగే.

పరీక్ష రోజు గురించి

టెక్సస్‌లో లైసెన్సులు ఇచ్చే అన్ని డీపీఎస్ ఆఫీసుల్లో పెద్ద బండ్ల డ్రైవింగ్ టెస్ట్ పెట్టరు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి. బండి మీరే తీసుకెళ్లాలి, అది క్లాస్ బీ స్థాయిదే అయి ఉండాలి. కారు చూపించి క్లాస్ బీ అడిగితే కుదరదు. రిజిస్ట్రేషన్, ఇన్స్యూరెన్స్ కాగితాలు దగ్గర ఉండాలి, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, హారన్ ముందురోజే సరిచూసుకోండి. అక్కడిదాకా మీరొక్కరే నడుపుకుంటూ వెళ్లొద్దు. క్లాస్ బీ గానీ అంతకు మించిన లైసెన్స్ గానీ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. టెస్ట్ ఫెయిలైతే బండిని ఇంటికి తీసుకురావాల్సింది కూడా ఆ మనిషే.