సి.ఆర్. రావు: యుద్ధం ఇవ్వని ఉద్యోగం, కరవు అడిగిన లెక్కలు

గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో సి.ఆర్. రావుకు ప్రకటించేనాటికి ఆయనకు 102 ఏళ్లు. బహుమతి తెచ్చిన పత్రం 1945 నాటిది. ఇంత ఆలస్యమా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అప్పటికి ఆ బహుమతి మొదలై పదేళ్లయినా కాలేదు, కాబట్టి ఆలస్యంలో వింతేమీ లేదు. ఆనాటి కలకత్తాలో అలాంటి పత్రం పుట్టడమే అసలు వింత.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న బళ్లారి జిల్లా హూవిన హడగలిలో, తెలుగు ఇంట పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరుకు వెళ్లింది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఆయన చదువుకున్న ఊళ్లు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాక, సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. యుద్ధకాలమైనా వయసు చాలదని తిప్పి పంపారు. బస చేసిన దక్షిణాది హోటల్లో పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నారు. రావు వెళ్లి చూశారు. 1941 జనవరిలో అక్కడే చేరారు. సైన్యం ఆయన్ను తీసుకోకపోవడం మన అదృష్టం!

1942 డిసెంబరులో జపాన్ విమానాలు కలకత్తాపై బాంబులు వేశాయి. మరుసటి ఏడాది బెంగాల్ కరవులో లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాదే రావు కలకత్తా విశ్వవిద్యాలయం గణాంక శాస్త్రం ఎం.ఏ. తొలి జట్టులో పట్టా అందుకున్నారు. కరవు మిగిల్చిన దెబ్బ ఎంతో తేల్చడానికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటే, దాని స్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ నాయకత్వంలో, పల్లెల్లో నమూనా సర్వే చేసింది. కొద్ది ఇళ్లను అడిగి మొత్తం ప్రాంతం గురించి చెప్పాలంటే, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్న తప్పదు.

1945 పత్రం సరిగ్గా అలాంటి ప్రశ్ననే గణితంలో పట్టుకుంది. పక్షపాతం లేని, అంటే సగటున అసలు విలువనే ఇచ్చే, అంచనా పద్ధతి ఎంత తెలివైనదైనా, ఉన్న సమాచారంతో ఒక హద్దుకు మించి దోషాన్ని తగ్గించజాలదు. స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ కూడా విడిగా ఇదే ఫలితానికి వచ్చారు. యుద్ధం వల్ల పత్రికలు దేశాలు దాటడమే గగనమైన రోజులవి. అందుకే ఈనాటికీ అది క్రామర్–రావు హద్దు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. కేంబ్రిడ్జ్‌లో ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్, తిరిగి కలకత్తా. స్వతంత్ర భారతానికి ప్రణాళికల కోసం లెక్కలు కావలసి వచ్చాయి; 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. 1972లో మహలనోబిస్ మరణించాక సంస్థ బాధ్యత రావు మీద పడింది. ఆ దశాబ్దం చివర్లో, చాలామంది విశ్రాంతి తీసుకునే వయసులో, అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌లోనూ పెన్సిల్వేనియా స్టేట్‌లోనూ ఆచార్యుడిగా మళ్లీ మొదలుపెట్టారు. బహుమతి ప్రదానమైన మరుసటి నెలలో, 2023 ఆగస్టు 22న కన్నుమూశారు.